ఎవరు కావాలండీ?

ఆ ఎండాకాలం మా ఇంట్లో సాయంత్రం ఏడున్నర నుంచి ఎనిమిది దాకా ఎవరూ నోరు విప్పకూడదు. ఆ నియమం ఎవరు పెట్టారో గుర్తు లేదు గానీ తప్పిన రోజు లేదు. ఏడూ ఇరవైఅయిదుకల్లా పక్కింటి టైలరమ్మ మెడలో కొలతల టేపు తియ్యకుండానే వచ్చి గోడకి ఆనుకుని కూర్చునేది. మా అత్తగారు పేము కుర్చీలో. మా ఆయన తలుపు పక్క స్టూలు మీద, సగం మొహం టీవీ వైపు, సగం వీధి వైపు. నేను వంటింటి గుమ్మంలో, చేతికి ఏదో ఒక పని తగిలించుకుని.

సీరియల్లో తల్లికి మతిమరుపు జబ్బు. కొడుకు దేవుడు, కోడలు రాక్షసి. మూడు వారాలు ఊరించి ఊరించి ఆ రోజు ఆ తల్లి కొడుకు మొహంలోకి చూసి, "ఎవరు నువ్వు?" అంది. ఎవరి చేతిలోదో పళ్ళెం జారి పడింది. ఉరిమింది. ఆ ఇంట్లో ఉన్న తొమ్మిది మంది మొహాల్నీ ఒక్కొక్కటి మూడేసి సార్లు చూపించారు. ఆమె మళ్ళీ, "ఎవరు నువ్వు?" అంది. ప్రకటనలు వచ్చాయి.

టైలరమ్మ టేపు కొసతో కళ్ళు ఒత్తుకుంది. "కన్నకొడుకుని పట్టుకుని ఎంత మాట!"

"పాపం," అన్నారు మా అత్తగారు. "ఈ రోగం పగవాడిక్కూడా వద్దమ్మా."

అని, నా వైపు తిరిగి, ఎంతో నెమ్మదిగా, "అయ్యో, మీరు నిలబడే ఉన్నారు. కూర్చోండి. మా కోడలు ఇప్పుడే వచ్చేస్తుంది. వచ్చి టీ ఇస్తుంది," అన్నారు.

టైలరమ్మ కన్నీళ్ళ మధ్యనే ఫక్కున నవ్వింది. "చూశారా, టీ కావాలంటే ఎంత తిప్పి అడిగారో! మీ అత్తగారి వేళాకోళమే వేళాకోళం."

మా ఆయన కూడా నవ్వాడు. నేను లోపలికి వెళ్ళి టీ పెట్టి తెచ్చాను. కప్పుతో వచ్చేసరికి కోడల్ని అయిపోయాను.

"ఇంతసేపూ ఎక్కడికి పోయావే? ఎవరో పాపం ఒకావిడ నీకోసం నిలబడి నిలబడి వెళ్ళిపోయింది," అన్నారు.

అది మొదలై అప్పటికే నెల దాటింది. మా అత్తగారు ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. తలకి హెడ్‌ఫోను పెట్టుకుని, ఒక్కరి మొహమూ చూడకుండా ఊరందరితోనూ మాట్లాడిన మనిషి. పిల్లల ముద్దుపేర్లు కూడా అక్కణ్ణుంచే తెచ్చారు. ఎంత పిలిచినా పలకని కొడుకు 'ఎంగేజ్'. రెండు వీధుల అవతలికి వినపడేలా ఏడ్చే కూతురు 'ట్రంకాల్'. నేను కాపురానికి వచ్చిన మర్నాటి నుంచీ 'ఏమే'. ఈ 'ఏమే'లో కోపమూ ఉండేది, చనువూ ఉండేది. పదహారేళ్ళు విని విని నాకు అదే పేరైపోయింది.

ఒక మధ్యాహ్నం మంచినీళ్ళు అడిగితే తెచ్చి ఇచ్చాను. తాగి, గ్లాసు నా చేతికిస్తూ, "థాంక్సండీ. మీకు శ్రమ ఇచ్చాను," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని 'మీరు' అన్నారంటే దానికి అర్థం ఒక్కటే. మహారాణీగారు, తమరు, మీకెందుకు శ్రమ, ఈ వరసలోది. నీళ్ళు కాస్త ఆలస్యంగా తెచ్చినందుకు ఎత్తిపొడుస్తున్నారనుకున్నాను. పది రోజులు నేనూ మూతి ముడుచుకునే తిరిగాను. పదకొండో రోజున గానీ నాకు సరిగ్గా వినపడలేదు. ఎత్తిపొడుపు 'మీరు'కి చివర చిన్న కొక్కెం ఉంటుంది, మనకి తగిలి లాగుతుంది. ఆవిడ 'మీరు'కి ఆ కొక్కెం లేదు. అది ఎదురుగా ఉన్న కొత్త మనిషికి ఇచ్చే మర్యాద.

మా ఆయనతో చెప్పాను. ఆయనది కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని. మూడో రోజు మధ్యాహ్నం భోజనానికి వస్తూ కొత్త కళ్ళజోడు తెచ్చాడు.

"నంబరు పెరిగింది. మొహాలు ఆనడం లేదంతే," అన్నాడు.

తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టి, చెవుల వెనక సరిచేసి, "ఇప్పుడెలా ఉందమ్మా?" అని అడిగాడు.

ఆవిడ ఆయన్ని కిందికీ మీదికీ చూసి సంతోషంగా, "చాలా స్పష్టంగా కనపడుతున్నారండీ," అన్నారు.

ఆయన లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. పదిహేను రోజులకి ఇంకో జత తెచ్చాడు.

ఆయన్ననుకుని లాభం లేదు. మాకు తెలిసిన మతిమరుపు ఆ టీవీలోది ఒక్కటే. టీవీలో తల్లి జుట్టు చెదరదు. ఒంటి మీద బట్ట ఇస్త్రీ నలగదు. ఆ ఇంట్లో పక్కదుప్పట్లు ఎవరూ తెల్లారి లేచి ఉతకరు. ఆమె మరిచిపోవాల్సిన మనిషి ఎదురుగా వచ్చి, వెలుతురులో నిలబడ్డాకే మరిచిపోతుంది. "ఎవరు నువ్వు?" అంటుంది. అందుకని మా ఇంట్లో అందరూ ఆ మాట కోసం కాచుకున్నారు. ఆ మాట రానంతవరకూ ఆవిడకి ఏమీ లేనట్టే. కానీ 'ఎవరు నువ్వు' అనాలంటే ఎదుటి మనిషిని 'నువ్వు' అనాలి కదా. ముక్కూ మొహం తెలియని వాళ్ళని 'నువ్వు' అనడం మా అత్తగారికి జన్మలో చేతకాదు. కొత్తవాళ్ళు కనిపిస్తే ఆవిడ నోటికి వచ్చేది, ముప్పై ఒక్క ఏళ్ళు వచ్చింది, ఒకటే: "చెప్పండి, ఎవరు కావాలండీ?"

ఇక ఫోను సంగతి. రోజూ సాయంత్రం ఆరింటికి ఆడపడుచు ఫోను చేసేది. హాల్లో స్టాండు మీద పాత ఫోను మా అత్తగారికోసమే ఉంచాం. రెండో గంట మోగకముందే రిసీవరు ఆవిడ చెవి దగ్గరుండేది.

"ఏమే ట్రంకాల్! గొంతు అలా ఉందేం? మళ్ళీ ఫ్యాను నెత్తి మీద పెట్టుకుని పడుకున్నావా? మీ ఆయన మోకాలు ఎలా ఉంది? నొప్పి ఎడమ కాలికేగా? మెట్లెక్కొద్దని చెప్పు."

గదిలో ఎదురుగా నిలబడి మాట్లాడే గొంతు ఆవిడకి అందేది కాదు. తీగలోంచి చెవిలోకి వచ్చే గొంతు మాత్రం చిన్న జీరతో సహా దొరికిపోయేది. పెట్టేశాక రెండు నిమిషాలు చెయ్యి రిసీవరు మీదే ఉంచి కూర్చునేవారు. తరవాత నన్ను అడిగేవారు, "ఎవరికండీ ఆ కాల్?" అని.

ఒక సాయంత్రం కంచం కడిగి చెయ్యి తుడుచుకుంటుంటే హాల్లోంచి వినపడింది.

"అన్నమా? ఎవరు పెడుతున్నారే? పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు."

ఆవిడ పెట్టేసిన అయిదు నిమిషాలకే నా సెల్లుకి ఆడపడుచు ఫోను వచ్చింది.

"వదినా, అమ్మ ఏదైనా అంటే అది చాదస్తం అంటావు. నీళ్ళు కూడా లేవంటోందే!"

"ఇప్పుడే తిన్నారు. కంచం ఇంకా తడి ఆరలేదు. తిన్నది గుర్తుండడం లేదు. డాక్టరుకి చూపిద్దామని మీ అన్నయ్యతో నెలనుంచీ చెప్తున్నాను."

"మా ఆయన మోకాలు ఏ కాలో గుర్తుందిగా మరి! ఆ సీరియల్ చూస్తూ, ఇలాంటి కోడళ్ళు కూడా ఉంటారా అనుకునేదాన్ని," అని పెట్టేసింది.

ఆ వారంలోనే మా అత్తగారు పాలగిన్నె స్టవ్ మీద పెట్టి, పాలు పొయ్యకుండా, గ్యాసు వెలిగించకుండా తిప్పి వదిలేశారు. నేను పెరట్లో ఉండి వాసన పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. మర్నాడు కూరగాయలకి వెళ్ళాల్సి వచ్చింది. ఇరవై నిమిషాల పని. ఆవిడని గదిలో కూర్చోబెట్టి బయట గడియ పెట్టి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి గడియ తీసి ఉంది. టైలరమ్మ మంచం మీద ఆవిడ పక్కన కూర్చుని ఉంది.

"కిటికీలోంచి పిలిచారండీ పాపం. 'డ్యూటీ టైమైంది, తలుపు తియ్యగలరా' అని ఎంత మర్యాదగా అడిగారో," అంది టైలరమ్మ. నా చేతిలో సంచీ వైపు చూసింది, నన్ను చూడలేదు.

సీరియల్ కోడలు అత్తగారిని గదిలో పెట్టి గడియ వేసింది గురువారం. నేను వేసింది శుక్రవారం. ఇక నేను ఏం చెప్పుకున్నా ఎవరు నమ్ముతారు?

ఆడపడుచు రెండు వారాల సెలవు పెట్టుకుని వచ్చింది. రిక్షా దిగుతూనే, "అమ్మా!" అంది. ఆ కేక రెండు వీధులకీ వినపడే ఉంటుంది.

మా అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "రండి, రండి. ఎండన పడి వచ్చారు. కూర్చోండి. చెప్పండి, ఎవరు కావాలండీ?"

ట్రంకాల్ పెట్టె కింద పెట్టి నడుము మీద చేతులు వేసుకుంది. "చాల్లే! రెండేళ్ళు రాలేదని ఇంత కోపమా? కన్నకూతుర్ని పట్టుకుని 'మీరు' అంటావా?"

ఆవిడ మర్యాదగా నవ్వారు. అది చాలు, ట్రంకాల్ కూడా నవ్వుతూ వెళ్ళి మెడ చుట్టూ చేతులు వేసింది. ఆవిడ రెండు చేతులూ గాలిలో ఉండిపోయాయి, ఎక్కడ పెట్టాలో తెలియక. నేను చూశాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళాను.

నాలుగు రోజులైనా 'మీరు' పోలేదు. ట్రంకాల్ అలకకి విరుగుడుగా ఏం చెయ్యాలో అన్నీ చేసింది. తల దువ్వింది, గోళ్ళు తీసింది, ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. ఆవిడ కదలకుండా కూర్చుని, ట్రంకాల్ నిద్రపోయాక నన్ను సైగ చేసి పిలిచి, గుసగుసగా, "ఈవిడకి ఒంట్లో బాగాలేనట్టుంది. వాళ్ళవాళ్ళకి కబురు చెయ్యండి," అన్నారు.

అయిదో రోజు ట్రంకాల్ వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఏం నూరిపోశావు వదినా, అమ్మకి నా మీద?"

"నేనేం చెప్పలేదు."

"మరి నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూస్తుందేం? గడియ సంగతి కూడా తెలిసింది నాకు. టైలరమ్మ చెప్పింది."

"గ్యాసు తిప్పేసి వదిలేశారు. వేరే దారి లేకపోయింది."

"మతి పోయినవాళ్ళు ఎలా ఉంటారో నాకు తెలీదనుకోకు. ఏడాదిగా రోజూ చూస్తున్నాను."

"ఎక్కడ?"

"టీవీలో!" అంది. అన్నాక తనకే కాస్త ఇబ్బంది అనిపించిందేమో, గొంతు పెంచింది. "ఒక్కసారైనా అమ్మ 'ఎవరు నువ్వు' అందా? నిన్ను గానీ, అన్నయ్యని గానీ? అందా, చెప్పు!"

"అనలేదు."

"మరింకేం! నాతో తీసుకెళ్తాను. పై ఆదివారం బండికి. నా దగ్గర నాలుగు రోజులు ఉంటే అన్నీ సర్దుకుంటాయి."

వాళ్ళది నాలుగో అంతస్తు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఎనిమిదింటికి తాళం వేసి వెళ్తే ఆరింటికి గానీ రారు. నాకు ఆ తాళం కనిపించింది. బాల్కనీ పిట్టగోడ కూడా కనిపించింది. ఆ మాటలు నోటి దాకా వచ్చాయి.

దాచుకోవడం దేనికి, వాటితో పాటు ఇంకోటి కూడా వచ్చింది. తెల్లారి దుప్పట్లు ఉండవు. స్నానాల గదిలో కుస్తీ ఉండదు. సాయంత్రం నేను ఏ గదికీ గడియ పెట్టకుండానే బయటికి వెళ్ళొచ్చు. నేనేమీ చెయ్యక్కర్లేదు. ఊరుకుంటే చాలు, నా చేతులు ఖాళీ అవుతాయి. పైగా తీసుకెళ్తానన్నది కన్నకూతురు, అడ్డుకుంటే లోకం ఏమంటుంది?

"నీ ఇష్టం," అన్నాను.

ఆ రాత్రి మా ఆయన కూడా అదే మాట అన్నాడు, "దాని ఇష్టం." అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎంగేజ్.

ఊరుకోవడం కూడా నాకు పూర్తిగా చేతకాలేదు. ఒక కాగితం మీద ఆవిడ రోజంతా రాశాను. నీళ్ళు ముందు చేతి మీద పొయ్యాలి, తరవాత ఒంటి మీద. 'తిన్నారా' అని అడగకూడదు, కంచం పెట్టి పక్కన కూర్చోవాలి. అద్దం మీద గుడ్డ కప్పాలి, లేకపోతే అందులో ఎవరో ఉన్నారని భయపడతారు. మధ్యాహ్నం రెండింటికి సంచీ తగిలించుకుని గుమ్మంలో నిలబడి 'నా రిలీవర్ వచ్చిందా' అని అడుగుతారు. రిలీవరంటే తరవాతి షిఫ్టుకి వచ్చే ఆపరేటరు. 'వచ్చేసిందండీ, మీరిక వెళ్ళొచ్చు' అనాలి. అంటే చాలు, తన గదిలోకి వెళ్ళి పడుకుంటారు. లేదంటే వీధిలోకి వెళ్ళిపోతారు.

ట్రంకాల్ రెండు లైన్లు చదివి కాగితాన్ని మడిచింది.

"మా అమ్మ గురించి నాకు చీటీ రాసిస్తున్నావా?"

"అవసరం పడుతుందేమోనని."

"ఇదంతా నువ్వు ఆడించే నాటకం. నువ్వు 'వెళ్ళొచ్చు' అంటే అమ్మ వెళ్ళి పడుకోవడమేమిటి? పనిమనిషిలా? ఎంత భయపెడితే అలా అయింది!"

చీటీ అలమార మీద పెట్టి వెళ్ళిపోయింది. మరునాడు రెండింటికి ఆవిడ సంచీతో గుమ్మంలోకి వచ్చారు. "నా రిలీవర్ వచ్చిందా అండీ?"

నేను నోరు తెరిచేలోగా ట్రంకాల్ అడ్డం వచ్చింది. "ఏ రిలీవరమ్మా? నువ్వు రిటైరై పద్నాలుగేళ్ళయింది! నీ మనసులో ఏముందో నాతో చెప్పు. వదినకి భయపడకు."

ఆవిడ ఒకసారి ట్రంకాల్‌ని, ఒకసారి నన్ను చూశారు. మొహం ఎర్రబడింది. "తొందరేం లేదండీ. ఇంకో షిఫ్టు చెయ్యమన్నా చేస్తాను," అని నిలబడే ఉన్నారు. రెండు గంటలు అలాగే, సంచీ భుజాన వేసుకుని. కాళ్ళు వాచాయి. ట్రంకాల్ కుర్చీ తెచ్చి వేస్తే, "డ్యూటీలో వద్దండీ," అన్నారు.

శుక్రవారం పొద్దున ట్రంకాల్ బజారుకి వెళ్ళింది. ప్రయాణానికి తల్లికి కొత్త చెప్పులు కొనాలని. నేను హాల్లో ఆవిడ బట్టలు మడిచి పెట్టెలో సర్దుతున్నాను. పదకొండు దాటాక ఫోను మోగింది. ఆవిడ చెయ్యి ఎప్పటిలాగే ముందే అక్కడుంది.

"ఏమే ట్రంకాల్! ఇదేం వేళ ఫోనుకి? వెనకాల అంత రొదేమిటి, బజార్లో ఉన్నావా?" నవ్వారు. "నా చెప్పుల సైజా? అయిదు. నీకెందుకే నా చెప్పులు?"

తరవాత గొంతు తగ్గించారు. రిసీవరుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"అది సరే గానీ నువ్వెప్పుడొస్తావే? తొందరగా రా. ఇక్కడెవరో ఒకావిడ వచ్చి కూర్చుంది. వారం పైనే అయింది. మంచావిడేలే, తల దువ్వుతుంది. కానీ నన్ను ఎక్కడికో తీసుకెళ్తానంటోంది. పెట్టె కూడా సర్దేస్తున్నారు. నాకు భయంగా ఉందే. కాదంటే ఏమనుకుంటుందో అని ఊరుకున్నాను. నువ్వొచ్చి చెప్పవే ఆవిడకి."

నా చేతిలో మడత విడిపోయింది.

ఆవిడ కాసేపు విన్నారు. "హలో? హలో? లైన్లో ఉన్నావా?" అన్నారు. నా వైపు తిరిగి, రిసీవరు చాపారు. "ఏవండీ, మా అమ్మాయి. లైను కట్ కాలేదు, రొద వినపడుతోంది, మనిషి పలకడం లేదు. మీరొకసారి చూస్తారా?"

తీసుకున్నాను. బజారు రొద. ఎవడో ధర అరుస్తున్నాడు. చాలాసేపటికి, "వదినా," అంది.

"చెప్పు."

"ఆ ఒకావిడ..."

"ఊఁ."

రొద అలాగే వస్తూ ఉంది. తనే పెట్టేసింది.

రెండు దాటాక వచ్చింది. చేతిలో చెప్పులు లేవు. గుమ్మం బయటే కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వచ్చి, పీట వాల్చుకుని కూర్చుంది. అన్నం పెట్టాను. కెలుకుతూ కూర్చుంది.

"రోజూ నాతో అంత బాగా మాట్లాడేది కదా వదినా. నేను రాకుండా ఉన్నా బాగుండేది."

మంచినీళ్ళు పోశాను.

"స్నానానికి నీళ్ళు ఎంత వేడి పెడతావు?" అంది కాసేపటికి.

"చెయ్యి పెడితే చురుక్కుమనకూడదు. అంతే."

ఆదివారం బండి టికెట్లలో ఒకటి వెనక్కి ఇచ్చేసింది. మా ఆయన డాక్టరు దగ్గర పేరు రాయించాడు. మంగళవారం రమ్మన్నారు. ఆ సంగతి నాతో చెప్పేటప్పుడు ఆయన, "నువ్వు ముందే చెప్పావు," అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన నా మాట ఒప్పుకోవడం అదే మొదలు. సంతోషం కలగాలి కదా. కలగలేదు. నా మాట నిలబడిందంటే దుప్పట్లు నాకే, స్నానాల గది నాకే, రెండు గంటల వేళ గుమ్మం నాకే. తీసుకెళ్ళనీ అని మనసులో ఒకసారి అనుకున్న మనిషిని నేను. ఆవిడని చూసుకునేదీ నేనే.

శనివారం సీరియల్లో పెద్ద ఘట్టం. కొడుకు మెట్ల మీంచి దొర్లి పడ్డాడు. "అమ్మా" అన్నాడు. తల్లి ఒక్క అదురు అదిరి, పరిగెత్తుకుంటూ వచ్చి, పేరుతో సహా పిలిచి గుండెకి హత్తుకుంది. మతి వచ్చేసింది. కోడలు కాళ్ళ మీద పడింది. వీణలు మోగాయి.

టైలరమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. "తల్లి ప్రేమ ముందు ఏ రోగం నిలుస్తుందండీ!"

"పోనీలే, బాగుపడింది," అన్నారు మా అత్తగారు. కుర్చీ కింద తడి పాకి టైలరమ్మ కాలి దాకా వచ్చింది. ఆమె చటుక్కున కాళ్ళు ముడుచుకుంది. ఆవిడ కిందికి చూసి, సిగ్గుతో, "ఎవరో నీళ్ళు ఒలకబోశారండీ," అన్నారు.

నేను లేవబోయాను. ట్రంకాల్ నాకంటే ముందు లేచింది. టీవీ వైపు చూడకుండా వెళ్ళి గుడ్డ తెచ్చింది, బకెట్టు తెచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. స్నానాల గదిలోంచి నీళ్ళ చప్పుడు, ఆవిడ గొంతు వినపడ్డాయి. "మీకెందుకండీ ఈ శ్రమ? మా కోడలు చేస్తుంది కదా." ట్రంకాల్ ఏమందో నాకు వినపడలేదు. నేల తుడిచే పని నాకు మిగిలింది. టైలరమ్మ టేపు మెడలోంచి తీసి చుట్టలు చుట్టుకుంటూ, నాకేసి చూడలేక, "ఇలా ఉంటుందని టీవీలో చూపించరేమండీ?" అంది.

"చూపిస్తే మనం చూస్తామా?" అన్నాను.

ఆదివారం తెల్లారే బండి. రిక్షా వచ్చి ఆగింది. మా ఆయన పెట్టె ఎత్తి పెట్టాడు. మా అత్తగారు అప్పటికే లేచి, మొహం కడుక్కుని, కొత్త కళ్ళజోడుతో గుమ్మంలో నిలబడ్డారు. ఇంటికి వచ్చినవాళ్ళు వెళ్తుంటే సాగనంపకుండా ఆవిడ ఏనాడూ లోపల కూర్చోలేదు.

ట్రంకాల్ ఆవిడ ముందు ఆగింది. ఏడుస్తుందనుకున్నాను. కౌగలించుకుంటుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. ఆవిడ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా అవుతాయని దానికిప్పుడు తెలుసు. కాస్త దూరంలోనే నిలబడింది.

"వెళ్ళొస్తాను," అంది.

"మంచిదండీ. ఇన్నాళ్ళు ఉన్నారు, ఇల్లు నిండుగా ఉంది. మళ్ళీ రండి," అన్నారు మా అత్తగారు. రిక్షా ఎక్కబోతుంటే ఏదో మరిచిపోయినట్టు రెండు మెట్లు దిగి వెళ్ళారు. "మీ అమ్మగారిని అడిగానని చెప్పండి."

ట్రంకాల్ రిక్షా కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"చెప్తానండీ," అంది.